వేడి లోహరూపణలో అల్యూమినియం – ఉక్కుల మధ్య ఘర్షణ: కొలత పద్ధతులు, పరిమితులు

వ్యాససంగ్రహం:

వేడిచేసిన అల్యూమినియాన్ని ఉక్కు అచ్చుల మధ్య నొక్కి వస్తువులుగా మలిచేటప్పుడు ఆ రెండు లోహాల మధ్య పుట్టే ఘర్షణ, వస్తువు ఆకారాన్నీ, అచ్చు ఆయుష్షునూ, యంత్రానికి కావలసిన బలాన్నీ నిర్ణయిస్తుంది. ఈ ఘర్షణ కంటికి కనిపించదు. నేరుగా కొలవడానికీ లొంగదు. అందుచేత లోహం ప్రవహించిన తీరును బట్టి దానిని అంచనా వేసే పరీక్షలు రూపొందాయి. వాటిలో ముఖ్యమైన వలయ సంపీడన పరీక్షను, దానికి తోడ్పడే ఇతర పరీక్షలను ఈ వ్యాసం తెలుగు పరిభాషలో వివరిస్తుంది. ఒక్కొక్క పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో, ఏ ప్రశ్నకు చెప్పలేదో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఘర్షణ, రాపిడి, కందెన, అల్యూమినియం, ఉక్కు అచ్చు, వలయ సంపీడన పరీక్ష, లోహరూపణ, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లే దారిలో ఉన్న ఏర్పేడు చాలాకాలం వ్యాసాశ్రమం పేరుతోనే తెలుగువారికి పరిచయం. మళయాళస్వామి 1926లో స్థాపించిన ఆ ఆశ్రమం శాస్త్రవిద్యను కొందరికే పరిమితం చేయక అందరికీ బోధించాలన్న సంకల్పంతో నడిచింది. 2015లో ఏర్పడిన తిరుపతి ఐఐటీ, అదే సంవత్సరం ఏర్పడిన ఐసర్ విద్యాసంస్థ తమ శాశ్వత ప్రాంగణాలను ఈ మండలంలోనే నిర్మించుకున్నాయి. ఈ విధంగా ఆధునిక యంత్రశాస్త్రం, పదార్థశాస్త్రం ఏర్పేడు పొలిమేరలకు వచ్చాయి.

అయితే ప్రాంగణం లోపల బోధించే విషయానికీ, ప్రాంగణం వెలుపల ఐటీఐలలోనూ పాలిటెక్నిక్‌లలోనూ చదివి కర్మాగారాలలో ప్రెస్సుల ముందు నిలబడే యువకులకు అందే విషయానికీ నడుమ భాష ఒక గోడగా నిలుస్తున్నది. ఇంజనీరింగ్ విద్యను తెలుగుతో సహా భారతీయ భాషలలో బోధించడానికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో అనుమతించింది. అనుమతి లభించినంత మాత్రాన పాఠం సిద్ధం కాదు. ఒక్కొక్క అంశాన్నీ తెలుగులో ఆలోచించి, తెలుగులో లెక్కకట్టి చూపినప్పుడే పాఠం ఏర్పడుతుంది. ఆ ప్రయత్నంలో భాగంగా లోహరూపణలోని ఒక క్లిష్టమైన అంశాన్ని ఈ వ్యాసం ఎన్నుకున్నది.

2. పరిభాష:

పాఠ్యపుస్తకాలు ‘ఘర్షణ’ అనే సంస్కృతపదాన్ని స్థిరపరిచాయి. వ్యవహారంలో ‘రాపిడి’, ‘ఒరిపిడి’ అనే దేశ్యపదాలు ఉన్నాయి. వీటి మధ్య ఉపయోగకరమైన అర్థభేదాన్ని పాటించవచ్చు. రెండు తలాల మధ్య కదలికను అడ్డుకునే బలాన్ని ఘర్షణ అనీ, ఆ తలాలు ఒరుసుకొనే క్రియను రాపిడి అనీ, దాని ఫలితంగా పదార్థం నశించడాన్ని అరుగుదల అనీ వాడితే మూడు వేర్వేరు భావనలకు మూడు పదాలు సమకూరుతాయి.

‘కందెన’ అన్న మాట ఇంకా విశేషమైనది. ఎద్దులబండి ఇరుసుకు పూసే జిడ్డుపదార్థానికి రైతు పెట్టుకున్న పేరది. నేటి పాఠ్యపుస్తకాలు దానినే సాంకేతికపదంగా స్వీకరించాయి. బండికి కందెన ఎక్కడ వేయాలో రైతుకు తెలుసు. ఇరుసుకు వేస్తాడు గాని నేలను పట్టి నడవవలసిన చక్రపు పట్టాకు వేయడు. ఘర్షణ అన్నిచోట్లా శత్రువు కాదన్న సూక్ష్మం ఆ అలవాటులోనే ఉన్నది. లోహరూపణలోనూ ఇదే సత్యం. రోలర్ల మధ్య లోహపు పలకను సాగదీసేటప్పుడు ఘర్షణ బొత్తిగా లేకపోతే రోలర్లు పలకను లోనికి లాక్కోలేవు. అందుచేత ఘర్షణను నిర్మూలించడం కంటే, అది ఎంత ఉన్నదో తెలుసుకొని అదుపులో ఉంచడమే లోహకారుని అసలు అవసరం.

ఈ వ్యాసంలో ఉపరితలానికి లంబంగా పనిచేసే ఒత్తిడిని పీడనం అనీ, ఉపరితలం వెంబడి పనిచేసే దానిని విరూపణ ప్రతిబలం అనీ, లోహం శాశ్వతంగా ఆకారం మార్చుకోవడానికి అవసరమయ్యే ప్రతిబలాన్ని ప్రవాహ ప్రతిబలం అనీ వ్యవహరించడం జరిగింది.

3. సత్తుగిన్నె నుంచి రాకెట్ ఇంధనపు తొట్టె వరకు:

అల్యూమినియం తెలుగు ఇళ్లలోకి ‘సత్తు’ పేరుతో వంటపాత్రగా ప్రవేశించింది. విద్యుత్తు సహాయంతో ఖనిజం నుంచి ఆ లోహాన్ని చౌకగా తీసే పద్ధతిని అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ 1886లో విడివిడిగా కనుగొన్నారు. తర్వాత పుష్కరకాలానికే, 1898లో, మద్రాసు కళల పాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని ప్రారంభించాడు. ఆ ప్రయత్నం కొద్ది సంవత్సరాలలోనే ప్రైవేటు పరిశ్రమగా మారింది. దక్షిణ రాయలసీమ కూడా నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే.

గిన్నెలకు వాడే స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తనిది. చల్లగా ఉన్నప్పుడే సాగుతుంది. విమానాలకు, వాహనాలకు, అంతరిక్ష నౌకలకు వాడే మిశ్రలోహాల సంగతి వేరు. రాగి, మెగ్నీషియం, సిలికాన్ వంటి మూలకాలు కలిసిన ఈ లోహాలు గట్టివి. పెద్ద ఆకారాలుగా మలచాలంటే వాటిని సాధారణంగా 350 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయాలి. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. మిశ్రలోహాలు అంతకంటే తక్కువ వేడికే కరగడం ప్రారంభిస్తాయి. అంటే ఈ పని ద్రవీభవనానికి కాస్త ఇవతల జరుగుతుంది.

ప్రస్తుత తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లలో ద్రవ ఇంధనపు తొట్టెలకు రాగి ప్రధానంగా కలిసిన 2219 అనే అల్యూమినియం మిశ్రలోహం వాడుకలో ఉన్నది. హైదరాబాదులో రక్షణ లోహపరిశోధనశాల 1963లోనూ, మిధాని సంస్థ 1973లోనూ ఏర్పడి, ప్రత్యేక లోహాల విషయంలో తెలుగునేలకు ఒక స్థానాన్ని సంపాదించిపెట్టాయి. నెల్లూరు జిల్లాలో ఉన్నతశ్రేణి అల్యూమినియం మిశ్రలోహాల కర్మాగారాన్ని నెలకొల్పే ఉద్దేశంతో నాల్కో, మిధాని కలిసి 2019లో ఉత్కర్ష అల్యూమినియం ధాతు నిగమ్ అనే సంస్థను ఏర్పరిచాయి. కాబట్టి వేడి అల్యూమినియం ఉక్కుతో ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న ఈ ప్రాంతానికి దూరపు ప్రశ్న కాదు.

4. వేడి అల్యూమినియం ఉక్కుకు ఎందుకు అంటుకుంటుంది?

అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే తనపై ఒక సన్నని ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. పొర గట్టిది, పెళుసైనది. అది కరగాలంటే 2000 డిగ్రీలకు పైగా వేడి కావాలి. దాని కింది లోహం మాత్రం మెత్తగా, సాగేదిగా ఉంటుంది.

నొక్కుడు మొదలు కాగానే లోహం విస్తరిస్తుంది. పెళుసైన పొర దానితోపాటు సాగలేక పగులుతుంది. ఎండిన చెరువులో ఒండ్రుమట్టి నెర్రెలు విచ్చినట్లు పొర ముక్కలవుతుంది. ఆ నెర్రెలలోంచి తాజా లోహం పైకి ఉబికి నేరుగా ఉక్కును తాకుతుంది. ఆక్సైడ్ లేని తాజా అల్యూమినియానికి ఇనుముతో బంధం ఏర్పరచుకొనే స్వభావం అధికం. వేడి, పీడనం ఆ బంధాన్ని మరింత త్వరపరుస్తాయి. అందువల్ల అల్యూమినియపు రేణువులు ఉక్కు అచ్చుకు అతుక్కుంటాయి. తర్వాత వచ్చే ముక్క శుభ్రమైన ఉక్కుపై గాక, ఉక్కుకు అంటిన అల్యూమినియంపై జారవలసి వస్తుంది. ఒకే లోహం తన మీద తాను జారడం ఇంకా కష్టం. గీతలు, చీరికలు, అంచుల పగుళ్లు ఈ దశలోనే పుడతాయి.

రెండు తలాలు నిజంగా తాకేది వాటిపైనున్న సూక్ష్మమైన మిట్టల కొనల వద్ద మాత్రమేననీ, ఘర్షణలో అధికభాగం ఆ కొనల వద్ద ఏర్పడిన అతుకులను తెంచడానికి ఖర్చయ్యే బలమేననీ బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 1950లో వెలువడిన వారి గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైంది. వేడి అల్యూమినియం ఆ సిద్ధాంతానికి తీవ్రమైన ఉదాహరణ. ఇక్కడ లోహం ఎంత మెత్తబడుతుందంటే, మిట్టలు అణగిపోయి దాదాపు ఉపరితలమంతా ఉక్కును తాకుతుంది.

5. ఘర్షణను చెప్పే రెండు విధాలు:

5.1 ఘర్షణ గుణకం:

ఘర్షణబలం లంబబలానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న నియమాన్ని 1699లో అమాంటన్, 1785లో కులూం వివరించారు. ఆ నిష్పత్తినే ఘర్షణ గుణకం అంటారు. ‘మ్యూ’ అనే గ్రీకు అక్షరంతో దానిని సూచిస్తారు. పాఠశాలలో నేర్పేది ఈ నియమమే. నేలపై పెట్టెను లాగడం వంటి సందర్భాలకు ఇది సరిపోతుంది.

లోహరూపణలో ఈ నియమం ఒక దశ దాటాక పనిచేయదు. అందుకు కారణాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక వేడి అల్యూమినియం మిశ్రలోహానికి ప్రవాహ ప్రతిబలం 40 మెగాపాస్కల్ అనుకుందాం. మీసెస్ నియమం ప్రకారం అది భరించగల గరిష్ఠ విరూపణ ప్రతిబలం 40ని 3 యొక్క వర్గమూలంతో భాగించగా వచ్చే విలువ, అంటే సుమారు 23 మెగాపాస్కల్. అచ్చు మూలలో పీడనం 120 మెగాపాస్కల్‌కు చేరిందనీ, ఘర్షణ గుణకం 0.3 అనీ తీసుకుంటే ఉపరితలంపై ఘర్షణ 36 మెగాపాస్కల్ కావాలి. కాని లోహం 23 దాటి భరించలేదు. ఆ స్థితిలో ఉపరితలం జారడం మానేసి అచ్చుకు అంటుకొని నిలిచిపోతుంది. దాని కింది పొర లోలోపలే కోసుకొని కదులుతుంది. కాబట్టి 36 అన్న విలువ కాగితం మీదనే ఉంటుంది గాని లోహంలో ఉండదు.

5.2 ఘర్షణ కారకం:

ఈ చిక్కును తప్పించడానికి మరొక నమూనా వచ్చింది. ఉపరితలంపై ఘర్షణ, లోహం భరించగల గరిష్ఠ విరూపణ ప్రతిబలంలో ఎన్నో వంతో చెప్పడం దీని పద్ధతి. ఆ వంతును ఘర్షణ కారకం అంటారు, ‘ఎమ్’ అక్షరంతో సూచిస్తారు. దాని విలువ 0 నుంచి 1 వరకు ఉంటుంది. సున్న అంటే ఘర్షణ లేకుండా జారడం. ఒకటి అంటే పూర్తిగా అంటుకొనిపోవడం. పై లెక్కలో ఎమ్ విలువ 1.

పీడనం ప్రవాహ ప్రతిబలానికి సమానమైనప్పుడు ఘర్షణ గుణకం 0.577 దాటడం సాధ్యం కాదన్న విషయం కూడా ఇదే తర్కం నుంచి వస్తుంది. తక్కువ పీడనంతో జరిగే రేకుల రూపణకు మొదటి నమూనా, అధిక పీడనంతో జరిగే దిమ్మల రూపణకు రెండవ నమూనా ఎక్కువగా ఉపయోగిస్తారు. ఈ రెంటినీ కలిపి, తక్కువ పీడనంలో మొదటి దానిలాగా, అధిక పీడనంలో రెండవ దానిలాగా ప్రవర్తించే సార్వత్రిక నమూనాను డెన్మార్కు పరిశోధకులు వాన్‌హైమ్, బే 1970లలో అభివృద్ధి చేశారు. ఒక ఘర్షణ విలువను ఉటంకించేటప్పుడు అది ఏ నమూనాకు చెందినదో చెప్పకపోతే ఆ విలువకు అర్థం ఉండదు.

6. వలయ సంపీడన పరీక్ష:

6.1 సూత్రం:

నొక్కుతున్న అచ్చుకూ లోహానికీ నడుమ పరికరాన్ని పెట్టి ఘర్షణను నేరుగా కొలవడం కష్టం. అక్కడ పరికరం పెడితే ఆ ఉపరితలమే మారిపోతుంది. జపాను పరిశోధకుడు కునోగి 1956లో ఇందుకొక తేలికైన ఉపాయాన్ని చూపాడు. బ్రిటిష్ పరిశోధకులు మేల్, కాక్‌క్రాఫ్ట్ 1960లలో దానిని ప్రమాణరేఖలతో సహా పూర్తిస్థాయి పరీక్షగా తీర్చిదిద్దారు. ఆ ఉపాయం ఏమంటే, మధ్యలో రంధ్రమున్న లోహపు వలయాన్ని రెండు చదునైన అచ్చుల మధ్య నొక్కి, రంధ్రం పెరిగిందా తగ్గిందా అని చూడడం.

దీనిని వంటింటి ఉదాహరణతో ఊహించవచ్చు. చిల్లు పెట్టిన వడపిండిని నూనె బాగా రాసిన రెండు పలకల మధ్య అదిమితే పిండి అంతా బయటికి జారుతుంది, చిల్లు కూడా పెద్దదవుతుంది. పొడి పలకల మధ్య అదిమితే పిండి పలకలకు అంటుకుంటుంది. బయటి అంచుకు చేరడానికి చాలా దూరం ఒరుసుకొంటూ పోవలసిన పిండికి చిల్లువైపు పోవడమే సులువు. అందుకని లోపలిభాగం చిల్లులోకి ముడుచుకొని దానిని చిన్నది చేస్తుంది.

లోహంలోనూ జరిగేది ఇదే. ఘర్షణ స్వల్పమైతే వలయంలోని ప్రతి బిందువూ బయటికే కదులుతుంది. ఘర్షణ పెరిగితే వలయం మందంలో ఒక తటస్థ వృత్తం ఏర్పడుతుంది. దానికి వెలుపలి లోహం బయటికి, లోపలి లోహం లోనికి ప్రవహిస్తుంది. ఘర్షణ ఎంత ఎక్కువైతే రంధ్రం అంతగా మూసుకుంటుంది. అందుచేత రంధ్రపు వ్యాసంలోని మార్పు ఘర్షణకు సాక్ష్యమవుతుంది.

ఈ పరీక్షలోని గొప్ప సౌలభ్యం, బలాన్ని కొలవనవసరం లేకపోవడం. ప్రెస్సు ఎంత బలంతో నొక్కిందో, ఆ వేడిలో లోహపు దృఢత్వం ఎంతో కచ్చితంగా తెలియకపోయినా ఆకారం తన కథ తాను చెబుతుంది. వెర్నియర్ కాలిపర్స్ ఉన్న చిన్న కార్ఖానా కూడా ఈ పరీక్షను చేసుకోవచ్చు.

6.2 ఒక లెక్క:

బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో ఉండే వలయం బహుళ ప్రచారంలో ఉన్నది. బయటి వ్యాసం 30, లోపలి వ్యాసం 15, ఎత్తు 10 మిల్లీమీటర్లు ఉన్న వలయాన్ని తీసుకుందాం. దానిని 5 మిల్లీమీటర్ల ఎత్తుకు, అంటే సగానికి నొక్కుదాం.

లోహం ఘనపరిమాణం మారదు. బయటి వ్యాసపు వర్గం నుంచి లోపలి వ్యాసపు వర్గాన్ని తీసివేస్తే 900 నుంచి 225 పోగా 675 మిగులుతుంది. ఎత్తు సగమైంది కనుక ఈ భేదం రెట్టింపై 1350 కావాలి. ఘర్షణ అసలే లేకపోతే రెండు వ్యాసాలూ ఒకే నిష్పత్తిలో పెరిగి బయటిది 42.4, లోపలిది 21.2 మిల్లీమీటర్లు అవుతాయి. ఘర్షణ మధ్యస్థంగా ఉండి లోపలి వ్యాసం 12కు తగ్గిందనుకుంటే, దాని వర్గం 144ను 1350కి కలపగా 1494 వస్తుంది. బయటి వ్యాసం సుమారు 38.7 అవుతుంది.

రెండు సందర్భాలలో బయటి వ్యాసంలో తేడా నాలుగు మిల్లీమీటర్ల లోపే. లోపలి వ్యాసంలో తేడా తొమ్మిది మిల్లీమీటర్లకు పైగా. ఘర్షణను పసిగట్టడానికి రంధ్రాన్నే ఎందుకు చూడాలో ఈ అంకెలు చెబుతాయి. రంధ్రం 15 నుంచి 12కు తగ్గడమంటే 20 శాతం తగ్గుదల. ఎత్తు తగ్గుదల 50 శాతం, వ్యాసం తగ్గుదల 20 శాతం అన్న బిందువును ప్రమాణరేఖల పటంపై గుర్తిస్తే, అది ఏ రేఖపై పడుతుందో ఆ రేఖ చూపే విలువే ఘర్షణ. ఈ నిష్పత్తిగల వలయానికి ఘర్షణ గుణకం 0.05 ప్రాంతంలో ఉన్నప్పుడు రంధ్రం పెద్దగా మారదు. అంతకు తక్కువైతే విచ్చుకుంటుంది, ఎక్కువైతే ముడుచుకుంటుంది.

6.3 చేసే విధానం:

వేడి అల్యూమినియానికి ఈ పరీక్ష చేసేటప్పుడు వరుసగా పాటించవలసిన అంశాలు ఇవి. వలయాలను ఒకే కడ్డీ నుంచి, ఒకే నునుపుతో కోయాలి. చల్లగా ఉన్నప్పుడే కొలతలు తీసుకోవాలి. అసలు ఉత్పత్తిలో వాడే ఉక్కుతోనే, అదే నునుపుతో అచ్చులను చేయాలి. వేడిపని అచ్చులకు హెచ్13 రకపు ఉక్కు ఎక్కువగా వాడుకలో ఉన్నది. అచ్చులనూ నిర్ణీత ఉష్ణోగ్రతకు వేడిచేసి, కందెనను ఒకే పరిమాణంలో పూసి, కొలిమి నుంచి తీసిన వలయాన్ని క్షణాల వ్యవధిలో నొక్కాలి. ఒకే వలయంతో సరిపెట్టకుండా 20, 30, 40, 50 శాతం తగ్గుదలలకు వేర్వేరు వలయాలను నొక్కితే, వాటి బిందువులు ఒకే రేఖ వెంట నడుస్తున్నాయా లేదా అన్నది తెలుస్తుంది. అవి తక్కువ ఘర్షణ రేఖ నుంచి ఎక్కువ ఘర్షణ రేఖకు జరిగితే, నొక్కుడు మధ్యలోనే కందెన తెగిపోయిందని అర్థం. ఒక అంకె చెప్పలేని విషయాన్ని ఈ వరుస చెబుతుంది.

నొక్కిన తర్వాత రంధ్రం పీపాలా వంగి ఉంటుంది. ఎక్కడ కొలవాలో ముందే నిర్ణయించుకొని, లంబంగా ఉన్న రెండు దిశలలో కొలిచి సగటు తీసుకోవాలి. రెండు దిశలలో తేడా ఎక్కువగా ఉంటే అచ్చులు సమాంతరంగా లేవేమో, కడ్డీ అన్ని దిశలలో ఒకేవిధంగా సాగే గుణం లేనిదేమో పరిశీలించాలి.

7. ఇతర పరీక్షలు:

వలయ పరీక్షలో ఉపరితలం విస్తరించేది పరిమితం. పై ఉదాహరణలో ఉపరితల వైశాల్యం సుమారు రెట్టింపు అవుతుంది. లోతైన ఆకారాలలోకి లోహాన్ని తోసే పనులలో అంతకు ఎన్నో రెట్లు విస్తరణ జరిగి, తాజా లోహం చాలా ఎక్కువగా బయటపడుతుంది. పీడనమూ అధికం. అందుచేత పనికి తగిన పరీక్షను ఎన్నుకోవాలి.

జంట గిన్నెల పరీక్ష: స్థూపాకారపు దిమ్మను గొట్టంలో ఉంచి, స్థిరంగా ఉన్న కింది పంచ్‌కూ, కదిలే పై పంచ్‌కూ మధ్య నొక్కుతారు. లోహం పైకీ కిందికీ పొంగి రెండు గిన్నెలుగా ఏర్పడుతుంది. గొట్టపు గోడ వద్ద ఘర్షణ లేకపోతే రెండు గిన్నెల ఎత్తు సమానం. ఘర్షణ పెరిగేకొద్దీ పై గిన్నె కింది గిన్నెకంటే ఎత్తవుతుంది. ఆ ఎత్తుల నిష్పత్తే కొలత. అధిక పీడనం, అధిక విస్తరణ ఉన్న పనులకు ఇది చేరువైనది.

రేకు లాగుడు పరీక్ష: వేడి రేకును రెండు ఉక్కు దవడల మధ్య బిగించి లాగుతారు. రెండు వైపులా ఘర్షణ ఉంటుంది కనుక, లాగిన బలాన్ని బిగింపు బలానికి రెట్టింపుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. బిగింపు 5000 న్యూటన్లు, లాగుడు 3000 న్యూటన్లు అయితే ఆ గుణకం 0.3. అల్యూమినియం రేకును 500 డిగ్రీలకు పైగా వేడిచేసి చల్లని అచ్చులో ఏకకాలంలో మలిచి, చల్లార్చే ఆధునిక వాహన పరిశ్రమ పద్ధతికి ఈ పరీక్ష తగినది.

బహిస్సరణ బలపరీక్ష: దిమ్మను గొట్టంలోంచి నెట్టి కిటికీచట్రాల వంటి పొడవైన ఆకారాలను తీసే పనిలో, అల్యూమినియానికి సాధారణంగా కందెన వాడరు. లోహం గొట్టపు గోడకు అంటుకొనే ఉంటుంది. దిమ్మ పొడవు తగ్గేకొద్దీ అంటుకొన్న వైశాల్యం తగ్గి, నెట్టే బలమూ తగ్గుతుంది. ఆ తగ్గుదల నుంచి ఘర్షణను లెక్కించవచ్చు. 100 మిల్లీమీటర్ల వ్యాసంగల దిమ్మ 200 మిల్లీమీటర్లు తరిగిందనీ, ఘర్షణ ప్రతిబలం 20 మెగాపాస్కల్ అనీ అనుకుంటే బలంలో తగ్గుదల సుమారు 1257 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 128 టన్నుల బరువుకు సమానం. కేవలం గోడను ఒరుసుకొనడానికే ఇంత బలం ఖర్చవుతున్నదన్న మాట. అయితే నెట్టుడులో లోహం వేడెక్కి మెత్తబడడం వల్ల కూడా బలం తగ్గుతుంది. ఆ భాగాన్ని వేరుచేయకపోతే ఘర్షణను ఎక్కువగా అంచనా వేసినట్లవుతుంది.

సూది–చక్ర పరీక్ష: తిరిగే చక్రంపై సూదిని ఆనించి ఘర్షణను కొలిచే ఈ పరీక్ష ప్రయోగశాలలలో సులభంగా లభిస్తుంది. కాని సూది ఒకే చాలుపై పదేపదే తిరుగుతుంది. లోహరూపణలో ఉక్కు అచ్చు ప్రతిసారీ కొత్త అల్యూమినియాన్ని తాకుతుంది. అందుకే సూదిని సర్పిలాకారంలో నడిపి, ప్రతి క్షణం కొత్త తలాన్ని తాకేలా మార్పు చేయడం సమంజసం.

8. కొలతలో జరిగే పొరపాట్లు:

ఒకటి, ఉష్ణోగ్రత. వలయం వేడిగా, అచ్చు చల్లగా ఉంటే అచ్చును తాకిన పొర గట్టిపడి కదలదు. అది ఘర్షణ అధికంగా ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది చల్లబడడం. రెండిటినీ వేరుచేయడానికి అచ్చులను కూడా వేడిచేయడమో, ఉష్ణప్రసారాన్ని కలుపుకొని కంప్యూటర్‌పై లెక్కించిన ప్రమాణరేఖలను వాడడమో చేయాలి.

రెండు, వ్యాకోచం. అల్యూమినియం ప్రతి డిగ్రీకీ మిలియనులో సుమారు 23 వంతులు వ్యాకోచిస్తుంది. 450 డిగ్రీల నుంచి గది ఉష్ణోగ్రతకు చల్లారితే దాదాపు ఒక శాతం కుదించుకుంటుంది. 15 మిల్లీమీటర్ల రంధ్రంలో అది 0.15 మిల్లీమీటర్లు. ముందు కొలతను చల్లగా, తర్వాతి కొలతను వేడిగా తీసుకుంటే ఈ దోషం నేరుగా ఫలితంలోకి చేరుతుంది.

మూడు, అచ్చు శుభ్రత. ప్రయోగశాలలో ప్రతి పరీక్షకూ అచ్చును తుడిచి నునుపు చేస్తారు. కార్ఖానాలో వందల ముక్కలు నొక్కిన అచ్చుపై అల్యూమినియం పేరుకొని ఉంటుంది. శుభ్రమైన అచ్చుపై వచ్చిన విలువ మొదటి ముక్కకే వర్తిస్తుంది. వందవ ముక్క ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే వరుసగా చాలా ముక్కలు నొక్కి చూడాలి. పేరుకొన్న అల్యూమినియాన్ని తొలగించడానికి వేడి కాస్టిక్ సోడా ద్రావణం వాడతారు. అది అల్యూమినియాన్ని కరిగిస్తుంది, ఉక్కును పెద్దగా తాకదు. చాకలిసోడాతో తోమిన సత్తుగిన్నె నల్లబడడంలో కనిపించేదీ క్షారానికి ఆ లోహం లొంగే గుణమే.

నాలుగు, ఒకే అంకెపై నమ్మకం. నేడు అచ్చును తయారుచేయడానికి ముందే కంప్యూటర్‌లో లోహప్రవాహాన్ని అనుకరించి చూస్తున్నారు. ఆ కార్యక్రమం ఘర్షణ విలువను అడుగుతుంది. పుస్తకంలో దొరికిన విలువను, అది ఏ ఉష్ణోగ్రతకు, ఏ కందెనకు, ఏ నమూనాకు చెందినదో చూడకుండా ఇస్తే, తెరపై అందంగా నిండిన అచ్చు వాస్తవంలో మూలలు నిండక మిగులుతుంది, లేదా లోహం మీద లోహం మడతపడి పైకి కనిపించని పగులు నిలుస్తుంది. అలాంటి మడత వాహనపు చక్రాన్ని మోసే భాగంలోనో, అధిక పీడనాన్ని భరించవలసిన తొట్టె వలయంలోనో ఉంటే పర్యవసానం కేవలం తుక్కుతో ముగియదు.

9. కందెన, దానిని వాడే మనిషి:

వేడి అల్యూమినియానికి ఎక్కువగా వాడే కందెన గ్రాఫైట్. నీటిలోనో నూనెలోనో కలిపి అచ్చుపై చల్లుతారు. గ్రాఫైట్ పలుచని పొరలుగా జారే పదార్థం కనుక ఉక్కును అల్యూమినియం నుంచి వేరుగా ఉంచుతుంది. తెల్లని బోరాన్ నైట్రైడ్ కూడా అదే విధమైన పొరల నిర్మాణం గలది, గ్రాఫైట్ కంటే ఖరీదైనది. నీరు కలిపిన కందెనను మరీ వేడి అచ్చుపై చల్లితే నీరు ఆవిరిగా ఎగసి పొర సరిగా అంటదు. మరీ చల్లని అచ్చుపై చల్లితే ఆరకుండా నిలుస్తుంది. కాబట్టి కందెన నాణ్యత ఎంతో, చల్లే సమయానికి అచ్చు ఉష్ణోగ్రత కూడా అంతే.

నూనెలో కలిపిన గ్రాఫైట్ వేడి అచ్చుపై పొగగా లేస్తుంది, నల్లని పొడి పనివారి దుస్తులకూ, చర్మానికీ, ఊపిరికీ చేరుతుంది. ఘర్షణను కొలవని చోట సందేహం వచ్చిన ప్రతిసారీ మరికొంత కందెన చల్లడమే అలవాటవుతుంది. అధికమైన కందెన అచ్చు మూలలలో చిక్కుకొని ఆకారం నిండకుండా అడ్డుపడుతుంది కూడా. అదే నాలుగు వలయాలను నాలుగు పరిమాణాల కందెనతో నొక్కి చూస్తే, ఏ పరిమాణం తర్వాత రంధ్రంలో మార్పు ఆగిపోయిందో తెలుస్తుంది. ఆ తర్వాత చల్లేదంతా వృథా. కొలత ఇక్కడ పొదుపుకు మాత్రమే గాక, ప్రెస్సు ముందు నిలబడిన మనిషి ఆరోగ్యానికీ సంబంధించినది.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• వేడి అల్యూమినియం, ఉక్కుల మధ్య ఘర్షణ ఆ రెండు లోహాల స్థిరగుణం కాదు. ఉష్ణోగ్రత, పీడనం, ఉపరితల విస్తరణ, కందెన, అచ్చు శుభ్రత అన్నీ కలిసిన వ్యవస్థకు చెందిన గుణం.

• అధిక పీడనంలో ఘర్షణ గుణకం పరిమితిని చేరుతుంది. అక్కడ ఘర్షణ కారకం సరైన కొలమానం. విలువతోపాటు నమూనాను కూడా పేర్కొనడం తప్పనిసరి.

• వలయ సంపీడన పరీక్ష స్వల్ప సాధనాలతో జరిగేది, బలపు కొలత అక్కరలేనిది. అయితే దాని విస్తరణ పరిధిని మించిన పనులకు జంట గిన్నెల పరీక్ష, రేకులకు లాగుడు పరీక్ష అవసరం.

• ఉత్పత్తిలో ఉన్న అచ్చును, ఉష్ణోగ్రతను, కందెనను పోలిన పరిస్థితిలో చేసిన పరీక్షకే విలువ ఎక్కువ.

• ఘర్షణ, రాపిడి, అరుగుదల, కందెన, ఇరుసు, కొలిమి, అచ్చు వంటి వ్యవహారపదాలు, పాఠ్యపుస్తకాలు స్థిరపరిచిన ప్రతిబలం, విరూపణ వంటి పదాలు కలిసి ఈ అంశాన్ని తెలుగులో లెక్కలతో సహా వివరించడానికి చాలుతున్నాయి.

ఒక ఐటీఐ కార్ఖానాలో చిన్న కొలిమి, చేతి ప్రెస్సు, వెర్నియర్ కాలిపర్స్, నాలుగు అల్యూమినియం వలయాలు ఉంటే ఈ పాఠాన్ని ప్రయోగంగా మార్చవచ్చు. నొక్కిన వలయాన్ని చేతిలోకి తీసుకొని, దాని రంధ్రం ముడుచుకున్నదో విచ్చుకున్నదో చూసిన విద్యార్థికి ఘర్షణ ఇక కేవలం నిర్వచనం కాదు, తన కళ్ల ముందున్న కొలత.